నాలుగు కాళ్ళ లోపు అతిథి

ఒక పెద్ద అడవిలో నడిచి వెళ్ళడం పరువు తక్కువైపోయింది.

ఇటు కొండ నుంచి అటు కొండకి నాలుగు రోజుల నడక. కొంగల సంస్థ వాళ్ళు బుట్టలో కూర్చోబెట్టుకుని పూట తిరక్కుండా దించేస్తారు. అందుకని పని ఉన్నవాళ్ళూ ఎగిరేవారు, లేనివాళ్ళూ ఎగిరేవారు.

కొంగలు ఎగిరే మైదానం పక్కనే చలువ గుహ ఉంది. లోపల నీటి చెలమ, మెత్తటి గడ్డి, ఆకు దొన్నెల్లో రేగుపళ్ళు. ఏడాదిలో ఇరవై నాలుగుసార్లు ఎగిరినవాళ్ళకి సంస్థ ఒక బంగారు ఈక ఇస్తుంది. ఈక చూపిస్తే గుహలోకి రానిస్తారు. మిగతావాళ్ళు ఎండలో నిలబడి, లోపలికి వెళ్ళేవాళ్ళని చూస్తూ ఉండొచ్చు. అది మాత్రం అందరికీ ఉచితం.

ఈక ఉన్నవాళ్ళు వెంట ఒక అతిథిని తెచ్చుకోవచ్చు. గొడవంతా అక్కడే మొదలైంది.

గుహలో నలభై మందికి చోటు. ఎండాకాలంలో పూటకి ముప్పై మంది సభ్యులు, ముప్పై మంది అతిథులు. వెరసి అరవై. ఇద్దరు కూర్చునే చోట ముగ్గురు. అది చాలనట్టు ఒక చిట్టెలుక తన అతిథిగా ఏనుగుని వెంటబెట్టుకొచ్చింది. రూలు ప్రకారం అతిథి ఒక్కటే. లెక్క సరిపోయింది, గుహ సరిపోలేదు.

గుహ మేనేజరు నక్క సోమలింగం వెంటనే కమిటీని పిలిచాడు.

"తప్పు అతిథులది కాదు, కొలతది," అన్నాడు సోమలింగం. "ఒకరు అంటే ఎంత? చీమా ఒకటే, ఏనుగూ ఒకటే. ఇదేం లెక్క?"

"తూస్తే సరి," అంది చిట్టెలుక.

"ఏనుగుని తూచే తక్కెడ మీ ఇంట్లో ఉందా అమ్మా?"

లేదు.

"కాళ్ళు లెక్కపెడదాం. దానికి సామాను అక్కర్లేదు, రెండు కళ్ళుంటే చాలు. ఒక్కో సభ్యుడి వెంట వచ్చే అతిథుల కాళ్ళు అన్నీ కలిపి నాలుగు దాటకూడదు. పక్షులైతే ఇద్దర్ని తెచ్చుకోవచ్చు. చూశారా, మన సంస్థది ఎంత పెద్ద మనసో!"

కమిటీ చప్పట్లు కొట్టింది. మూలన ఉన్న జెర్రి మాత్రం నసిగింది.

"మరి మా ఆవిడండీ? చిటికెన వేలంత ఉంటుంది. ఏ రాతి సందులోనో సర్దుకుంటుంది."

"కాళ్ళెన్ని?"

"ముప్పై."

"ఏడున్నర అతిథులు!" సోమలింగం గుండె పట్టుకున్నాడు. "మీ ఆవిణ్ణి రానిస్తే ఏడున్నర ఏనుగుల్ని రానిచ్చినట్టు. గుహ ఏం కావాలయ్యా?"

జెర్రి తల దించుకుంది. ఏనుగు నాలుగు కాళ్ళ మీదా నిక్షేపంగా లోపలికి నడిచొచ్చింది. అసలు రూలు పెట్టింది దేనికోసమో చిట్టెలుకకి గుర్తుంది. కానీ ఏనుగు తన అతిథే కాబట్టి నోరు మెదపలేదు.

గుమ్మం దగ్గర కాపలాకి ఉడుము అప్పన్నని పెట్టారు. పట్టుకుంటే వదలని జాతి. ఆ ఉద్యోగానికి ఇంకో అర్హత ఎవరూ అడగలేదు.

రూలు వచ్చిన మూడో రోజు తాబేలు వరహాలు గుహకి వచ్చాడు. తాబేలుకి బంగారు ఈక ఏమిటని నవ్వకండి. నడకకి ఎంత సేపు పడుతుందో వరహాలుకి తెలిసినంతగా అడవిలో ఇంకెవరికీ తెలియదు. ఆయన వెనకాలే పొరుగున ఉండే కొండముచ్చు పైడమ్మ, ఆమె పొట్టకి కరుచుకుని నెలల పిల్ల.

పిల్లకి రెండు రోజులుగా జ్వరం. అవతలి కొండ మీద ఎలుగుబంటి వైద్యుడికి చూపించాలి. వడగాలి లేచిందని, సాయంత్రం దాకా ఎగరలేమని కొంగలు చెప్పేశాయి. మైదానంలో నిలువ నీడ లేదు. కొండముచ్చు పిల్ల తల్లిని కరుచుకుంటే మామూలుగా ఎవరి తరమూ కాదు విడదీయడం. ఈ పిల్ల పట్టు ఉదయం నుంచి సడలుతోంది. పైడమ్మ ఒక చేత్తో అదిమి పట్టుకుంది.

"ఆమె నా అతిథి," అన్నాడు వరహాలు, ఈక చూపిస్తూ.

అప్పన్న వంగి చూశాడు. "రెండు కాళ్ళు. ఈ ముందువి చేతులా, కాళ్ళా?"

"చేతులే బాబూ," అంది పైడమ్మ.

"నడిచేటప్పుడు నేలకి ఆనిస్తారా?"

"ఆనిస్తాను."

"అయితే కాళ్ళే. మొత్తం నాలుగు. మీరు రావచ్చు. పిల్లకి ఇంకో నాలుగు. ఎనిమిది. పిల్లని ఇక్కడ పెట్టి మీరు లోపలికి వెళ్ళండి."

"ఇక్కడ పెట్టి?" పైడమ్మ గొంతు లేచింది. "ప్రాణం గుమ్మం బయట పెట్టి, నేను లోపలికెళ్ళి రేగుపళ్ళు తినాలా? నీకు పిల్లల్లేరా నాయనా?"

"పదకొండు మంది. వాళ్ళు కూడా రాకూడదు."

"పోనీ దొన్నెడు నీళ్ళు బయటికివ్వు."

"దొన్నె గుమ్మం దాటకూడదు."

వరహాలు ముందుకొచ్చాడు. "సరే, నేను బయటే ఉంటా. నా నాలుగు కాళ్ళూ పిల్ల పేర రాసుకో."

"సభ్యుడు లోపల లేకపోతే అతిథి ఉండకూడదండి." అప్పన్న గొంతులో నిజంగానే జాలి ఉంది. "నాకూ బాధగానే ఉంది. కానీ రూలు."

లోపల్నుంచి సోమలింగం నాచు పరుపు మీద పడుకునే కేక వేశాడు. "గుమ్మం దగ్గర ఏడుపులేంటి అప్పన్నా? సభ్యులకి నిద్ర పట్టొద్దూ?"

వరహాలు గుమ్మంలోంచి, లోపలి గోడ మీద చెక్కిన రూలు మళ్ళీ చదివాడు. నెమ్మదిగా చదివాడు, ఆయనకి ఇంకోలా చదవడం రాదు. చదివాక మైదానం వంక చూశాడు. దూరంగా వేడి ఇసకలో చుట్టలు చుట్టుకుని జెర్రిపోతు పాముల గుంపు ఒకటి మాడుతోంది. వాళ్ళ పెద్ద నూకరాజు మెడలో బంగారు ఈక మెరుస్తోంది.

"ఏం నూకరాజూ, ఈక పెట్టుకుని ఎండలో ఉన్నావేం?"

"పెళ్ళికి వెళ్తున్నాం మావా. చుట్టాలు ముప్పై ఆరుగురు, నాతో ముప్పై ఏడు. వీళ్ళనొదిలి నేనొక్కణ్ణే ఎలా వెళ్ళను? అయినా మా మొహాలు చూడగానే తలుపేస్తారు."

"అప్పన్నా, మొహాల సంగతి రూల్లో ఉందా?"

"లేదండి. కాళ్ళ సంగతే ఉంది."

"అయితే వీళ్ళ కాళ్ళు లెక్కపెట్టు."

అప్పన్న శ్రద్ధగా మొదలుపెట్టాడు. "సున్నా. సున్నా. సున్నా..." మధ్యలో అనుమానమొచ్చి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు. ముప్పై ఆరుసార్లు సున్నాయే వచ్చింది.

"కలిపితే?"

"సున్నా."

"నూకరాజు వాటాలో ఇంకా ఎన్ని మిగిలాయి?"

"నాలుగు."

"ఈ పిల్లకెన్ని?"

అప్పన్న పిల్లని చూశాడు. గోడని చూశాడు. మళ్ళీ పిల్లని చూశాడు. మొహం విప్పారింది.

"నాలుగు!"

"నూకరాజూ, ఈ పాప నీ అతిథి. నీకేమైనా అభ్యంతరమా?"

"భలేవాడివి మావా! పిల్లని ముందు పంపించండి. తాగాల్సింది అదే. మేం వెనకాల వస్తాం."

పైడమ్మ పిల్లని గుండెకి అదుముకుని పరుగున చెలమ దగ్గరికి పోయింది. సభ్యుడు లోపల ఉండాలి కాబట్టి వరహాలూ గుమ్మం దాటాడు. వెనకాలే ముప్పై ఏడు జెర్రిపోతులు, పెళ్ళివారు కదా, నింపాదిగా, వరసగా లోపలికి జారాయి.

గుహలో పడుకున్న ఎలుకలు ముందు లేచాయి. తర్వాత కప్పలు. ఆ తర్వాత ఏనుగు లేచింది. దాని కాళ్ళ కింద పడకుండా మిగతావాళ్ళు లేచారు. నూకరాజు ఒకటే మాట అన్నాడు, అదీ మర్యాదకి: "కూర్చోండి కూర్చోండి, మాకోసం లేవకండి." ఆ మాట వినడానికి ఎవరూ మిగల్లేదు.

అందరికన్నా ముందు గుమ్మం దాటినవాడు సోమలింగం. ఇసక మీద కాళ్ళు కాలి, ఎగిరి ఎగిరి పడుతూ అరిచాడు.

"అప్పన్నా! వాళ్ళని ఎవరు రానిచ్చారు?"

"రూలండి."

"తీసెయ్యి వాళ్ళని!"

"కాళ్ళు నాలుగు దాటలేదండి."

"అయితే రూలు మారుస్తా. తప్పుకో, లోపలికి వెళ్ళి చెరిపేస్తా."

"ఈక చూపించండి."

సోమలింగం మెడ తడుముకున్నాడు. ఈక నాచు పరుపు మీదే ఉండిపోయింది. దానిమీద పెళ్ళికొడుకు మేనమామ చుట్ట చుట్టుకుని పడుకున్నాడు.

"నేను మేనేజర్నిరా!"

"మేనేజర్ల సంగతి రూల్లో లేదండి."

బయట గుమిగూడిన సభ్యులు కమిటీని పిలవమన్నారు. కమిటీ పిలవడానికి సోమలింగానికి అభ్యంతరం లేదు. కానీ ఎండలో సమావేశాలు పెడితే పెద్దరికం పోతుందని, కమిటీ చలువ గుహలో తప్ప ఇంకెక్కడా కూర్చోకూడదని పోయినేడాది ఆయనే తీర్మానం చేయించాడు. అప్పన్న ఆ సంగతి కూడా గుర్తు చేశాడు.

"లోపలికి ఎవరు వస్తారు?" అని అడిగాడు సోమలింగం.

చిట్టెలుక ఏనుగు వెనక్కి తప్పుకుంది. ఏనుగు ఇంకెవరి వెనకాలైనా దాక్కుందామని చూసింది గానీ అంత పెద్దవాళ్ళు దొరకలేదు.

లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. పైడమ్మ దోసిట్లోంచి పిల్ల చుక్క చుక్కగా నీళ్ళు చప్పరించింది. తడి గడ్డి మీద కాసేపు నిద్రపోయింది. పొద్దు వాలి కొంగలు పిలిచే వేళకి లేచి, తల్లి పొట్ట వెంట్రుకలు గుప్పిట పట్టి బిగించింది. పైడమ్మ తన చెయ్యి తీసేసి చూసింది. పిల్ల జారలేదు.

"అబ్బ, నొప్పెడుతోందే," అంది పైడమ్మ. అని ఏడ్చింది.

బుట్ట ఎక్కుతూ ఆమె చూసేసరికి సోమలింగం ఒక రాతి మీద కూర్చుని, కాలిన కాళ్ళు మార్చి మార్చి ఎత్తి పెట్టుకుంటూ సంస్థకి నివేదిక రాయిస్తున్నాడు. "కాళ్ళ రూలు పెట్టిన మూడు రోజుల్లో గుహలో ఇరుకు గురించిన ఫిర్యాదులు పూర్తిగా ఆగిపోయాయి. నేడు సాయంత్రం లోపల ఇరుక్కున్న సభ్యుల సంఖ్య: సున్నా."

సంస్థ ఎంతో సంతోషించింది. మిగతా అన్ని మైదానాల గుహలకీ రూళ్ళు రాసే పని ఆయనకే అప్పగించింది.

నీతి: గుమ్మం దగ్గర జాలి కోసం బతిమాలి గొంతు ఎండబెట్టుకోకండి, రూలు చివరిదాకా చదవండి, రాసినవాళ్ళు ఎలాగూ చదివి ఉండరు.