వెనక స్ప్రింగుల రేటు

సోమలింగం తన కారుకు వెనక స్ప్రింగులు మార్పించాలనుకున్నది కారు మీద ప్రేమతో కాదు, ఆదివారం మీద ప్రేమతో. ఈ సంగతి అందరికంటే ముందు తెలిసింది నాకే. తెలిసీ అతని భార్యకు ఎందుకు చెప్పలేదని మీరు అడగొచ్చు. మా పేకాటకు నాలుగో చెయ్యి అతనే మరి.

అతని ఇల్లు లింబాయత్‌లో. అక్కడే ఓ మరమగ్గాల కార్ఖానాలో మాస్టరు. మగ్గం మొరాయిస్తే బాగుచేస్తాడు. వారమంతా ఆ చప్పుడులో ఉండి, ఆదివారం అమ్రోలిలో మా ఇంటికొచ్చి ప్రశాంతంగా ఓడిపోవాలని అతని ఏకైక కోరిక. కానీ భార్య పద్మారాణి చీరల వ్యాపారం చేస్తుంది. ఆదివారమైతే చాలు, మూటలు కార్లోకి ఎక్కించి వడోద్ వైపు తెలుగువాళ్ల ఇళ్లకు బయల్దేరదీస్తుంది. మూటలు జారకుండా ఆమె వెనక సీట్లో కూర్చుంటుంది. చూసినవాళ్లు సోమలింగాన్ని డ్రైవరనుకుంటారు. ఒకావిడైతే అతని టీ కారు దగ్గరికే పంపింది.

కారు చిన్నది, పైగా సెకండ్ హ్యాండ్. ఇంజనూ ముందే, బండిని లాగే చక్రాలూ ముందే. మూటలు ఎక్కగానే వెనక కుంగి, ముక్కు పైకి లేస్తుంది.

సోమలింగం ఫోన్లో వీడియోలు చూసి స్ప్రింగ్ రేటు అనే మాట పట్టుకొచ్చాడు. స్ప్రింగు ఇంత కుంగాలంటే ఎంత బరువు పడాలి అన్న లెక్క అది. రేటు పెరిగేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది, కుదుపులు ఎక్కువవుతాయి.

"పద్మకు ముందే నడుం నొప్పి," అన్నాడు నాతో. "గట్టి స్ప్రింగులేపిస్తే ఒక్క ఆదివారం కూసుంటది. ఇగ మళ్ల కారెక్కనంటది."

"మరి నీ నడుమో?"

"మగ్గాల కాడ వంగీ వంగీ దానికేం తెలుస్తలేదు."

ఇంట్లో మాత్రం విషయాన్ని శాస్త్రీయంగా ప్రవేశపెట్టాడు.

"వెనక కుంగితే ముందర లేస్తది పద్మా. మన బండిని గుంజేటివి ముందర చక్రాలే. అవి తేలిపోతే రోడ్డు మీద పట్టుండదు."

"అంటే బండి పోదా?"

"పోతది. కని మనం చెప్పిన దిక్కు పోదు."

"నువ్వు గూడ గంతే గదా. నేను నడిపిస్తలేనా?"

అయినా సరేనంది. అదే రోజు సోమలింగం గ్యారేజీ హస్ముఖ్ భాయ్‌కి ఫోన్ చేశాడు. ఆయన ముఖంలో హాసమనేది ఎవరూ చూడలేదు. పేరు పెట్టిన తల్లిదండ్రులు కూడా చూసి ఉండరు. "ఆగేకా రేట్ రహనే దో. పీఛేకా రేట్ బఢావో. ఔర్ బఢావో," అని ముందువి ఉండనిచ్చి వెనకవాటి రేటు ఇంకా ఇంకా పెంచమంటున్నాడు సోమలింగం.

వంటింట్లో పద్మారాణి చేతిలో గరిటె ఆగిపోయింది. బట్టల మార్కెట్లో రేటు తగ్గించమని బతిమాలేవాళ్లను ఆమె చూసింది, దబాయించేవాళ్లను చూసింది, కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లను కూడా చూసింది. పెంచమని అడిగే మనిషిని చూడటం ఇదే మొదలు. ఆ మనిషి తన మొగుడే కావడం ఆమెకు మరీ అవమానంగా తోచింది.

"ఎవనికి రేటు పెంచుతున్నవు?"

"గది గా రేటు కాదే. స్ప్రింగుల రేటు."

"నేను గూడ స్ప్రింగులదే అంటున్న. ఆయన అడగకముందే నువ్వెందుకు పెంచుడు?"

"తక్కువ రేటైతే మెత్తగుంటది."

"తక్కువ రేటుకు మెత్తగొస్తుంటే, ఎక్కువ రేటుకు గట్టిది తెచ్చుకునుడేంది?"

ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్తే ఆదివారం పోతుంది.

మర్నాడు అతను కార్ఖానాకు వెళ్లగానే పద్మారాణి రేటు తగ్గించడానికి స్వయంగా గ్యారేజీకి వెళ్లింది. చాలాసేపటికి తిరిగొచ్చింది.

"తగ్గించినవా?" అన్నాడు సోమలింగం సాయంత్రం.

"మాట్లాడేది మాట్లాడిన."

అతను చాటుగా హస్ముఖ్ భాయ్‌కి ఫోన్ చేశాడు. మీరు చెప్పిన రేటుకు ఏమాత్రం తగ్గలేదన్నాడాయన. సోమలింగానికి ప్రాణం లేచొచ్చింది.

స్ప్రింగులు పడ్డాయి. ఖాళీ కారు ఇంటికి తెస్తుంటే ప్రతి గుంతలోనూ అతని తల కప్పుకు తగిలింది. అంత ఆనందంగా తల బాదుకున్న మనిషిని నేనెరగను. "వచ్చే వారం నుంచి నాకు గూడ ముక్కలు పంచుండ్రి," అని ఫోన్ చేశాడు.

ఆదివారం పద్మారాణి మూటలు తెచ్చింది. ఎప్పుడూ తెచ్చేవాటికంటే ఎక్కువే. డిక్కీ నిండింది, వెనక సీటు నిండింది, మిగిలిన సందులో ఆమె ఇరుక్కుంది. కారు నిదానంగా దిగి సమంగా నిలబడింది. ఆ తర్వాత రోడ్డు మీద మెత్తగా సాగిపోయింది. సోమలింగం గుంతలు వెతికి వెతికి మరీ దించాడు. ఫలితం లేదు. అద్దంలో చూస్తే పద్మారాణి మూట మీద తల పెట్టి నిద్రపోతోంది. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

వడోద్‌లో ఆమెను లేపి అడిగాడు. "నడుం నొస్తలేదా?"

"ఎందుకు నొస్తది? నువ్వు చెప్పిన రేటు గిన్ని మూటలకు సరిపోదట. బరువెంతో చెప్పిన. ఇంకో మెట్టు పెంచమన్న."

"నువ్వు పెంచమన్నవా?"

"అవ్. ఖాళీగ పోతే ఎగిరెగిరి పడతదని గూడ చెప్పిండు హస్ముఖ్ భాయ్. మా బండి ఖాళీగ ఎందుకు పోతది అన్న." ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "గిట్లంటే ఆయన నవ్విండు."

తర్వాతి ఆదివారం ఆమెకు ఏదో పెళ్లి పడింది. నువ్వు పేకాటకు పో అంది. సోమలింగం సంతోషంగా బయల్దేరి, సందు చివరిదాకా వెళ్లి, నడుం పట్టుకుని వెనక్కొచ్చాడు.

"పద్మా, జర మూటలియ్యి. బరువుకు."

"తీస్కపో. కని మళ్ల ఇంటికి తేవద్దు. అమ్రోలిల అమ్ముకరా."

అలా మేం ముగ్గురం ముక్కలు పంచుకుని కూర్చుంటే, నాలుగో చెయ్యి పక్క గదిలో మా ఆడవాళ్లకు చీరలు విప్పి చూపిస్తోంది. పాపం, అన్నీ అమ్ముడుపోయాయి. సాయంత్రం ఖాళీ కారు ముందు నిలబడి నన్ను పిలిచాడు.

"అన్నా, జర లింబాయత్ దాక వెనక కూసుంటవా?"

నా ఒక్కడి బరువు చాల్లేదు. మిగతా ఇద్దరూ ఎక్కారు.

పెళ్లి నుంచి అప్పుడే వచ్చిన పద్మారాణి మాకు టీ ఇచ్చింది. మమ్మల్ని ఒక్కొక్కరినే తేరిపార చూసి, ముగ్గురం కలిసి ఎంత బరువుంటామని అడిగింది. చెప్పాను.

"సరిపోతది," అంది. "వచ్చే ఆదివారం పోయేటప్పుడు మూటలు, వచ్చేటప్పుడు మీరు. రానుపోను బండి మంచిగ నడుస్తది."