చప్పుడే శ్రీరామరక్ష

నిశ్శబ్దం ఆరోగ్యానికి హానికరం! నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

మా పై ఫ్లోర్ ఆయన పొద్దున్నే డ్రిల్లింగ్ మెషిన్‌తో గోడకు తూట్లు పొడుస్తాడు. పక్క ఫ్లాట్ పాప కీబోర్డు నేర్చుకుంటోంది. రోజూ అదే పాట, అదే తప్పు. మా ఇంట్లో మిక్సీ మోత వినబడకుండా టీవీ సౌండ్ పెంచుతాం, టీవీ వినబడకుండా ఫోన్ స్పీకర్ పెంచుతాం. అందరూ దీన్ని నరకం అంటారు. నేనైతే చేతులెత్తి మొక్కుతాను.

ఎందుకంటారా? నా లోపల ఇద్దరున్నారు. ఒకడు మంచివాడు, ఇంకొకడు నాలాంటివాడు.

మా ఆవిడకు వేరే ఊళ్లో, లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది. నా బదిలీల వెంట తిరుగుతూ ఎప్పుడో వదులుకున్న పని. "వెళ్లనా, వద్దా? మీ మాట కోసమే ఆగాను" అంది. లోపల తగువు మొదలైంది. "వెళ్లమనరా, ఇన్నాళ్లూ నీకోసమే ఆగిపోయింది" అంటాడు మంచివాడు. "వెళ్తే నీ సాక్సు ఎక్కడున్నాయో ఎవరు చెబుతారు?" అంటాడు రెండోవాడు. వాడి మాటలో న్యాయం లేదంటారా?

అలాంటప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే ఏమవుతుంది? తీర్పు చెప్పాల్సి వస్తుంది! దేవుడి దయవల్ల పైన డ్రిల్లు మోగింది. మా ఆవిడ పెదవులు కదిలాయి. నేను "ఊఁ" అన్నాను. మర్నాడు మళ్లీ అడిగేసరికి వాషింగ్ మెషిన్ తిరుగుతోంది. మళ్లీ "ఊఁ". సంసారంలో ఊకొట్టడాన్ని మించిన రాజనీతి లేదు. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు.

మధ్యలో ఒక పొరపాటు చేశాను. బయటి శబ్దాలన్నీ ఆపేసే హెడ్‌ఫోన్స్ కొన్నాను. పెట్టుకోగానే డ్రిల్లు మాయం, టీవీ మాయం. లోపలి ఇద్దరూ మాత్రం గొంతు చించుకుంటున్నారు! "పిరికిపందా, ఏదో ఒకటి చెప్పు" అన్నాడు మంచివాడు. వెంటనే వాటిని పీకి పారేసి న్యూస్ ఛానెల్ పెట్టాను. తెర మీద ఆరుగురు ఒకేసారి అరిచారు. ప్రాణం లేచొచ్చింది.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. బిల్డింగంతా మూగబోయింది. ఫోన్లో చార్జింగ్ కూడా లేదు. ఎదురుగా మా ఆవిడ, లోపల ఆ ఇద్దరు. ఇక తప్పదని గొంతు సవరించుకున్నాను.

"ఆ ఉద్యోగం సంగతి..."

"ఎల్లుండే చేరాలి. టికెట్ కూడా తీసేశాను" అంది, సూట్‌కేసు జిప్పు లాగుతూ.

"నన్నొక్క మాట అడగాలిగా!"

"అడిగానుగా, రెండుసార్లు! ఊఁ అన్నారు. మీరింత తేలిగ్గా ఒప్పుకుంటారనుకోలేదండీ. మా ఆయన బంగారమని మా అక్కతో కూడా చెప్పాను."

ఎంత ప్రేమగా చూసిందనుకున్నారు! పెళ్లైన కొత్తలో కూడా అలా చూడలేదు. సాక్సు సంగతి గుర్తుకే రాలేదు. ఆమె లేని ఇల్లే కళ్ల ముందు కనబడింది.

"నువ్వు లేకపోతే నేనుండలేనే" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక లోపలున్న మాట పైకి అనడం అదే మొదలు.

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. టీవీలో ఆ ఆరుగురూ మళ్లీ అరుపులు అందుకున్నారు.

"ఏమన్నారూ? వినబడలేదు!"

ఆమె ముఖంలో వెలుగు ఇంకా అలాగే ఉంది.

"హాయిగా వెళ్లిరా అన్నాను" అని అరిచాను.