సంచీలో పిల్ల

ఆ పొద్దున బుడాన్ అనుకున్న పని ఒక్కటే, కూతురికి రెండో గౌను కుట్టడం.

అద్దంకి బజారులో అతనిది చిన్న కుట్టు కొట్టు. కూతురు నజ్మీన్ ఒకటో తరగతి. ఆ పిల్లకి పాలు తాగే వయసు నుంచీ ఎగ్జిమా. పగలు ఆటల్లో పడి మరిచిపోయేది గానీ, పక్క మీద వాలిందంటే మోచేతుల మడతల్లో, మోకాళ్ళ వెనక దురద మొదలయ్యేది. నిద్రలోనే గోక్కుని దుప్పటికి నెత్తురు మరకలు చేసేది. బుడాన్, భార్య ఖుర్షిదా వంతులేసుకుని ఆ చిన్న చేతులు పట్టుకుని కూర్చునేవారు. ఒంగోలు డాక్టరమ్మ గోళ్ళు పొట్టిగా కత్తిరించమంది. స్నానం కాగానే ఒంటికి పూత రాయమంది. రాత్రిపూట మెత్తటి నూలు బట్టలు వేసి, చేతులు కప్పి ఉంచమంది. చేతులకి మేజోళ్ళు తొడిగితే పిల్ల పళ్ళతో లాగేసేది. చివరికి బుడాన్ పాత నూలు చీరతో వదులుగా ఒక గౌను కుట్టి, దాని చేతుల చివరలు మూసేశాడు. నజ్మీన్ దానికి ‘సంచీ’ అని పేరు పెట్టింది. అది తొడిగిన రాత్రి నుంచి ఇంటిల్లిపాదీ తెల్లారేదాకా నిద్రపోతున్నారు. ఉతికిన రోజు మార్చడానికి ఇంకొకటి కావాలి కదా, అందుకే ఈ రెండో గౌను.

వచ్చిన బేరాలు చూసుకుని గుడ్డ పరిచేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడు పక్క కొట్టు ఇమాం హుస్సేన్ రొప్పుతూ వచ్చాడు. బడి పిల్లల్ని ఎవడో సంచీలో పెట్టి కుట్టేసి, చీమకుర్తి పోయే లారీల్లో ఎక్కిస్తున్నాడట. పోలీసులు కూడా వస్తున్నారట. బుడాన్ చేతిలో కత్తెర పక్కన పడేశాడు. కొట్టు తెరిచింది తెరిచినట్టే వదిలేసి, మెడలో టేపుతోనే పరుగెత్తాడు.

బడి ముందు జనం కర్రలు పట్టుకుని ఉన్నారు. బుడాన్ కూడా ఒక కర్ర అందుకున్నాడు. పిల్లలంతా లోపల భద్రంగానే ఉన్నారని ఎవరో అన్నాక కాస్త ఊపిరి తీసుకుని, పక్కనున్న పేరయ్యను వాడెవడని అడిగాడు.

"ఎవడో టైలరంటయ్యా. కన్నకూతుర్నే రోజూ రాత్రి సంచీలో పెట్టి కుట్టేస్తాడంట. ఆ పిల్లే టీచరుతో చెప్పింది," అన్నాడు పేరయ్య. చెబుతూ చెబుతూ అతని చూపు బుడాన్ మెడలోని టేపు మీద ఆగింది.

బుడాన్ కర్రని మెల్లగా గోడకి ఆనించి, టేపు జేబులో కుక్కుకుని, వెనక్కి వెనక్కి నడిచి సందు తిరిగాడు.

జరిగింది ఇంతే. నజ్మీన్ చేతుల మీద మానుతున్న గోటి గీతలు చూసిన రెబ్కా టీచర్ రాత్రి బాగా నిద్రపోయావా అని అడిగింది. మా నాన్న సంచీలో పెట్టి కుట్టేశాడు, హాయిగా పడుకున్నానని పిల్ల గొప్పగా చెప్పింది. మిగతాది చెప్పేలోగా అన్నం గంట కొట్టారు, పిల్ల పళ్ళెం పట్టుకుని ఉరికింది. టీచరు హడలిపోయి పెద్ద మేష్టారుకి చెప్పింది. ఆయన పిల్లల సంక్షేమం ఆఫీసుకి ఫోన్ చేశాడు. లారీని మాత్రం బజారే కలిపింది.

ఇంటికి చేరిన బుడాన్ నేరుగా పోయి పక్క మీది గౌను చేతిలోకి తీసుకున్నాడు. పిల్లని తీసుకుపోతారు, ఏ హాస్టల్లోనో వేస్తారు. అక్కడ రాత్రిళ్ళు దాని చేతులు ఎవరు పట్టుకుంటారు? ఆ గౌను వాళ్ళ కంట పడకూడదనుకున్నాడు. పక్కింటి దానయ్య పొలం పోయాడు, అతని వసారాలో ఎండు మిరపకాయల బస్తాలున్నాయి. గౌనుని ఒక బస్తాలోకి కుక్కేశాడు.

అంతలోనే జీపు వచ్చింది. సంక్షేమం ఆఫీసు మేడమ్, కానిస్టేబుల్ కరుణాకర్, రెబ్కా టీచర్, వాళ్ళ వెనక నజ్మీన్ దిగారు.

"సంచీ లేదు, ఏం లేదండి," అన్నాడు బుడాన్.

పిల్ల అబద్ధం చెప్పిందంటావా అని మేడమ్ అడిగింది. అవునంటే కూతురు అబద్ధాలకోరు, కాదంటే తను దోషి. ఈలోగా నజ్మీన్ పక్కంతా వెతికింది. పెదవి విరిచి, మెడ గోక్కోవడం మొదలుపెట్టింది.

"నా సంచీ ఏది నాన్నా? అది లేకపోతే నాకు నిద్ర రాదు."

మేడమ్ ముఖం గట్టిపడింది. కరుణాకర్ అటూ ఇటూ చూసి, పక్క వసారాలో బస్తా నుంచి వేలాడుతున్న గుడ్డని లాగి తెచ్చాడు. మూసిన చేతుల్లో ఏముందో చూద్దామని లోపలికంటా చెయ్యి పెట్టాడు. తర్వాత దుప్పటి దులిపినట్టు గట్టిగా దులిపాడు.

ఘాటు గుప్పుమంది. బుడాన్ భయమంతా మరిచి, పిల్ల ముఖాన్ని చొక్కాలో పొదువుకుని వీధి చివరికి పరుగెత్తాడు. పారిపోతున్నాడనుకుని ముగ్గురూ దగ్గుతూ వెంటపడ్డారు. చెప్పాల్సిందంతా అతను అక్కడ నిలబడి చెప్పాడు. వినేవాళ్ళకి మాత్రం నిలకడ లేదు. టీచరు కళ్ళు నలుపుకుంటోంది, మేడమ్ మణికట్లు రుద్దుకుంటోంది, కరుణాకర్ మెడ నుంచి మోచేతుల దాకా ఎడాపెడా గీరుకుంటున్నాడు.

"గోకితే ఇంకా మండుద్దండి," అంది నజ్మీన్ నాన్న భుజం మీద నుంచి. "ఊరికే తట్టండి."

కబురందుకుని పని మధ్యలో లేచొచ్చిన ఖుర్షిదా, ముగ్గురికీ గిన్నెతో పెరుగు తెచ్చింది. డాక్టరమ్మకి ఫోన్ కలిపి మేడమ్ చేతికిచ్చింది. మేడమ్ ఎర్రటి కళ్ళతో అంతా విని, ఇది ముందే చెప్పొచ్చు కదా అంది.

"భయమేసిందండి. పిల్లని తీసుకుపోతారేమోనని."

మేడమ్ మణికట్లకి ఇంకాస్త పెరుగు రాసుకుంది. "తీసుకుపోయి మేమేం చేస్తామయ్యా? రాత్రంతా చేతులు పట్టుకు కూర్చునే మనిషి మా దగ్గరెక్కడున్నారు?" అంది. బడి దగ్గర జనానికి సర్దిచెప్పే పని టీచరు తీసుకుంది.

మిరప ఘాటు పట్టిన గౌను ఇక పనికిరాదు. పిల్ల పడుకునే వేళకల్లా బుడాన్ కొత్తది కుట్టి తొడిగాడు. నజ్మీన్ తెల్లారేదాకా కదల్లేదు.

మర్నాడు కొట్టు తెరిచేసరికే కానిస్టేబుల్ కరుణాకర్ బయట నిలబడి ఉన్నాడు. నిద్రలేక కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి, మెడ నిండా గోటి గీతలు. ఎవరూ వినకుండా దగ్గరికొచ్చి, పెద్దవాళ్ళ కొలతకైతే ఎంత గుడ్డ పడుతుందని అడిగాడు.