తాడు కట్టిన కుర్చీ

ఆ రోజు ఇస్సాకు వేసుకున్న పథకం చాలా చిన్నది. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వెళ్ళడం, అక్కడ చిరిగిన తోలు కుర్చీ ఒకటి బాగు చేయడం, ఎవరి మీదా నోరు పారేసుకోకుండా ఇంటికి రావడం. మొదటి రెండూ అతనికి చేతనైన పనులే. మూడోదాని కోసం అతని భార్య హన్నా పొద్దున్నే లేచి ప్రార్థన చేసింది.

తోలు సోఫాలు, కారు సీట్లు, ఆఫీసు కుర్చీలు ఉన్నచోటికే వెళ్ళి బాగు చేసే ఒక కంపెనీ ఫ్రాంచైజీ ఇస్సాకుది. రంగులు, జిగురు, స్ప్రే మెషీను అన్నీ వ్యాన్‌లోనే ఉంటాయి. కాపురం నిజాంపేటలో, ఏరియా హైటెక్ సిటీ. చెయ్యి మంచిదే, నోరే మంచిది కాదు. మణికొండలో ఒకావిడ లక్షల సోఫాకు కొబ్బరినూనె రాసి, మచ్చలు ఎందుకు పడ్డాయని అడిగింది. "తలకు పెట్టాల్సింది సోఫాకు పెట్టారు, మరి సోఫాకు పెట్టాల్సింది తలకు పెట్టుకున్నారా అండీ?" అన్నాడు. అది మొదటి ఫిర్యాదు. రెండోది ఒక మేనేజరు రాశాడు. పని బాగానే చేశాడు గానీ ప్రశ్నలు ఎక్కువ వేస్తాడని. మూడో ఫిర్యాదు వచ్చిందా, ఏరియా తీసేసి కూకట్‌పల్లి ఏరియా చూసే శ్యామ్‌కి ఇచ్చేస్తామని హెడ్డాఫీసు కరాఖండిగా చెప్పేసింది. శ్యామ్ ఆగలేక అప్పుడే ఫోన్ చేసి, వ్యాన్ టైర్లు ఎలా ఉన్నాయన్నా అని ఆరా తీశాడు. ఆ పెద్దమనిషికి తాళాలు ఇవ్వడం కంటే వ్యాన్‌ని దుర్గం చెరువులోకి తోసేయడం నయమని ఇస్సాకు అభిప్రాయం.

"ఏవండీ, ఎవరేమన్నా సరేనండీ అనండి. ఇంకో ముక్క వద్దు," అంది హన్నా, టిఫిను డబ్బా చేతికిస్తూ. ఆవిడ దవాఖానాలో నర్సు. అరిచేవాళ్ళను ఊరుకోబెట్టడం ఆవిడకు రోజూ ఉన్న పనే. ఇస్సాకు మాటిచ్చాడు.

ఆఫీసు గేటు దగ్గరే ఆ మాటకు పరీక్ష మొదలైంది. సెక్యూరిటీ నారాయణప్ప వ్యాన్‌ని కింది బేస్‌మెంటుకు పొమ్మన్నాడు. కిందికి వెళ్తే అక్కడివాడు పాసు లేదని పైకి పంపాడు. పైకి వస్తే నారాయణప్ప వ్యాన్ మీద రాసింది తీరిగ్గా చదివి, కాలి బూటు విప్పి కిటికీలో పెట్టాడు.

"తోలు పనే కదన్నా. జర గీ అడుగు అంటించి పో. పొద్దుగాలనే ఊడింది."

ఇస్సాకు ఒళ్ళు మండిపోయింది. ఫ్రాంచైజీ తీసుకున్న రోజు నుంచీ దారినపోయే ప్రతివాడూ అతనికి చెప్పు చూపించేవాడే. కారు సీట్లు చేసేవాడు బూట్లు కుట్టాలా అని నోటిదాకా వచ్చింది. పళ్ళు నూరుకుని, "సరేనండీ," అని అడుగు అంటించి ఇచ్చాడు. ఆ బూటుకు అంత గట్టి జిగురు అది కొన్ననాడు కూడా ఉండి ఉండదు.

లోపల అతన్ని పిలిపించినవాడు రవికిరణ్, ఆఫీసు నిర్వహణ చూసే కుర్రమేనేజరు. పోయిన వారమే చేరాడు. చెవిలో ఫోన్ పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూనే ఇస్సాకుని లాబీలోకి తీసుకెళ్ళి కుర్చీ చూపించాడు. మధ్యాహ్నం ఫారిన్ అతిథులు వస్తున్నారట, అప్పటికల్లా దీనికి ఎప్పుడూ ఏమీ కానట్టు ఉండాలట.

కుర్చీని చూసి ఇస్సాకుకి ఎందుకో తేడా కొట్టింది. పాతకాలపు గోధుమరంగు తోలు కుర్చీ. సీటు మధ్య జానెడు చిరుగు, లోపలి స్పాంజి పచ్చగా బయటికి వచ్చింది. అంతవరకు బాగానే ఉంది. కానీ దాన్ని చిన్న అరుగు మీద ఎక్కించారు. చుట్టూ ఎర్ర తాడు కట్టారు. పైనుంచి లైటు వేశారు. పక్కన ఖాళీ స్టాండు ఒకటి ఉంది.

"తాడెందుకండీ?" అని అడిగాడు.

"చిరిగింది కదా బాస్, ఎవరూ కూర్చోకుండా కట్టుంటారు."

మరి లైటెందుకని ఇంకో ప్రశ్న నాలుక చివరికొచ్చింది. రెండో ఫిర్యాదు గుర్తొచ్చింది. వ్యాన్ తాళాలు వేలికి తగిలించుకుని ఈల వేస్తున్న శ్యామ్ కళ్ళముందు కనపడ్డాడు. ఇస్సాకు ప్రశ్నను మింగేసి సరేనండీ అన్నాడు. ఆ ప్రశ్న ఒక్కటి అడిగి ఉంటే ఈ కథే లేదు. జన్మకొక్కసారి మనిషి నోరు మూసుకుంటే ఫలితం ఇలా ఉంటుంది.

మనసు పెట్టి చేశాడు. తోలు శుభ్రం చేశాడు, చిరుగు కింద గుడ్డ పెట్టి అతికాడు, సందు పూడ్చాడు, కిటికీ వెలుతురులో రంగు కలిపి పూశాడు, ఆరబెట్టాడు. ఉద్యోగులు ఫోన్లు చూసుకుంటూ వచ్చారు, చూసుకుంటూ పోయారు. పని అయ్యాక చిరుగు ఎక్కడుండేదో కన్నతల్లి కూడా చెప్పలేదు. అలవాటు ప్రకారం పనికి ముందూ తర్వాతా తీసిన ఫొటోలు హెడ్డాఫీసుకు పంపి, రవికిరణ్‌ని పిలిచాడు. రవికిరణ్ భుజం తట్టి అదరగొట్టావన్నాడు.

సరిగ్గా అప్పుడే లిఫ్టులోంచి ఆమని దిగింది. అతిథుల కార్యక్రమం చూసే అమ్మాయి. చేతిలో కొత్తగా మెరుగు పెట్టించిన ఇత్తడి పలక ఉంది. కుర్చీని చూసి పలక వదిలేసింది.

ఆమె ఏడుపు మధ్య తెలిసిందేమిటంటే, అది యజమాని పార్థసారథి గారి కుర్చీ. నిజాంపేటలో హాస్టల్ మీద ఒంటిగదిలో ఆయన కంపెనీ మొదలుపెట్టింది దాని మీదే. కొత్త కుర్చీ కొనే స్తోమత లేక చిరిగిన దాని మీదే కూర్చుని తొలి ప్రోగ్రాం రాశారు. ఉద్యోగంలో చేరిన ప్రతివాడూ మొదటి జీతం అందుకున్న రోజు ఆ చిరుగును ముట్టుకుని సెల్ఫీ దిగాలి. రవికిరణ్‌కి ఆ రోజు ఇంకా రాలేదు. కిందపడిన పలక మీద "ఈ చిరుగే మా మూలధనం" అని ఉంది. ఇవాళ్టి అతిథులు పెట్టుబడి పెట్టేముందు చూడాలని ముచ్చటపడింది ఆ చిరుగునే.

రవికిరణ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా తెలివి ఎక్కడికీ పోలేదు. "వెండర్ నన్ను అడక్కుండా చేసేశాడు," అనేశాడు, ఇందాక భుజం తట్టిన చేత్తోనే చూపిస్తూ.

ఇస్సాకుకి అరికాలి మంట నెత్తికెక్కింది. జేబులో ఫోన్ మోగింది. హన్నా. ఎవరితోనూ గొడవ లేదు కదండీ అని అడిగింది. లేదని చెప్పి పెట్టేశాడు.

పై అంతస్తుల నుంచి జనం దిగారు. తాడు చుట్టూ నిలబడి మీటింగు పెట్టారు. చివరికి తేలింది ఒకటే, అతికినవాడే మళ్ళీ చింపాలి, లేకపోతే ఫిర్యాదు పెడతారు. చింపడం మా పని కాదండీ అన్నాడు ఇస్సాకు. అయితే ఇప్పుడే పెడతామని ఆమని ఫోన్ తీసింది. సరేనండీ అన్నాడు.

రవికిరణ్ క్యాంటీన్ నుంచి పళ్ళు కోసే చాకు తెచ్చాడు. పాత ఫొటో చూసుకుంటూ ఇస్సాకు కోశాడు.  కోత తిన్నగా వచ్చింది. ఇంత నీటుగా ఉంటే ఎలా అన్నారు. అంచులు గీకాడు. కొత్తగా కనిపిస్తోందన్నారు. టీ పోస్తే పాతబడుతుందని ఒకడు సలహా ఇచ్చాడు. పోశాడు. అల్లం టీ ఎందుకు పోశావ్, వాసన వస్తోందని ఇంకొకడు అన్నాడు. కంప్యూటర్లో కొలతలు తీసి కోయాల్సింది అని మరొకడు. ఆమని తల అటు వంచి, ఇటు వంచి చూసింది.

"చిరుగైతే ఉందండీ. కానీ ఇందులో ఫీలింగు లేదు."

పొద్దుట్నుంచి మింగిందంతా అప్పుడు బయటికొచ్చింది.

"ఫీలింగా అండీ?" అన్నాడు ఇస్సాకు, చాకు అవతల పడేసి. "నేను చిరిగినవి అతికేవాణ్ణండీ. అతికితే చింపమన్నారు. చింపితే నీటుగా ఉందన్నారు. టీ పోయమని మీరే అన్నారు, అల్లమెందుకని మళ్ళీ మీరే అన్నారు. చేయమన్నాయన చేయమనలేదన్నాడు. ఇంతమంది చదువుకున్నోళ్ళు ఉండి, ఆ కుర్చీ ఏంటో ఒక్కరూ నాకు చెప్పలేదు. చిరుగుకు దండం పెడతారు, అతికేవాణ్ణి దొంగని చేస్తారు. ఫీలింగు కావాలాండీ మీకు? ఇదిగోండి ఫీలింగు."

కోతలోకి రెండు చేతులూ దూర్చి, ఉన్న బలమంతా పెట్టి లాగాడు. తోలు పర్రుమని చీలింది. జానెడు చిరుగు మూరెడైంది, స్పాంజి ముక్కలు ఆమని జుట్టు మీద పడ్డాయి. ఇస్సాకు రొప్పుతూ తలెత్తేసరికి అద్దాల తలుపు దగ్గర పార్థసారథి నిలబడి ఉన్నాడు, వెనక అతిథులతో.

రవికిరణ్ రెండడుగులు వెనక్కి వేశాడు. పార్థసారథి తాడు దాటి వచ్చి కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని చిరుగు అంచు మీద వేలు పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. ఎవరు చేశారిది అని అడిగాడు. వేళ్ళన్నీ ఒకవైపే చూపించాయి. అయిపోయింది, వ్యాన్ శ్యామ్‌దే అనుకున్నాడు ఇస్సాకు.

"నేనేనండీ."

పార్థసారథి లేచాడు. అతిథులవైపు తిరిగి కథ మొదలుపెట్టాడు. ఒంటిగది, ఆకలి, కొత్త కుర్చీ కొనలేని పేదరికం. చెప్తూ చెప్తూ కళ్ళు తుడుచుకున్నాడు. అతిథులూ తుడుచుకున్నారు. ఒకాయన చిరుగులో చెయ్యి పెట్టి ఫొటో దిగాడు. అల్లం వాసన గురించి ఎవరూ అడగలేదు.

వాళ్ళను పైకి పంపాక పార్థసారథి ఇస్సాకుని కాఫీ మెషీను చాటుకు తీసుకెళ్ళాడు.

"పేదరికం అంతా అబద్ధమండీ," అన్నాడు గొంతు తగ్గించి. "కుర్చీ మా మామగారు పెట్టింది, కొత్తదే. నా పార్ట్‌నర్ నన్ను నట్టేట వదిలేసి వేరే ఉద్యోగంలో చేరిన రోజు, ఒళ్ళు తెలియని కోపంలో ఇలాగే రెండు చేతులా పట్టుకుని చీల్చేశాను. కోపంలో చింపానంటే ఎవరు పెట్టుబడి పెడతారు చెప్పండి? ఇన్నేళ్ళలో వాడి మొహం మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది ఇవాళే. మీ పేరేంటండీ?"

 ఇస్సాకు టీ అంటిన చేతులు ప్యాంటుకు తుడుచుకుని పేరు చెప్పాడు.

వ్యాన్ ఇంకా గేటు దాటకముందే హెడ్డాఫీసు నుంచి ఫోన్ వచ్చింది. కస్టమరు రేటింగులో అయిదు చుక్కలు ఇచ్చి, పని బాగుంది, కోపం ఇంకా బాగుంది అని రాశాడట. పంపిన ఫొటోలో కుర్చీ అతికి ఉంది, కస్టమరు పెట్టిన ఫొటోలో మూరెడు చిరిగి ఉంది, అసలు నువ్వు చేసిన పనేమిటయ్యా అని అక్కడి మేనేజరు అడిగాడు. సరేనండీ అన్నాడు ఇస్సాకు. నారాయణప్ప బూటు కాలు నేలకేసి కొట్టి, సెల్యూట్ చేసి గేటు తీశాడు.

ఏరియా నిలిచింది. పైగా కొత్త ఆర్డరు వచ్చింది. బెంగళూరు, పుణే ఆఫీసుల లాబీల్లో పెట్టడానికి రెండు కొత్త తోలు కుర్చీలు కొన్నారు, ఇస్సాకు గారే వచ్చి అదే మూడ్‌లో చింపాలని పార్థసారథి కబురు పెట్టాడు. చిక్కల్లా ఏమిటంటే, ఆ వారమంతా ఇస్సాకు మహా సంతోషంగా ఉన్నాడు. శ్యామ్ ఫోన్ చేస్తే కూడా నవ్వుతూ మాట్లాడాడు.

బయల్దేరే రోజు పొద్దున హన్నా ప్రార్థన ముగించి టిఫిను డబ్బా చేతికిచ్చింది.

"ఏవండీ, ఇవాళ ఎవరేమన్నా ఊరుకోకండి," అంది.

ఇస్సాకు హాయిగా నవ్వి, సరేనన్నాడు. ఆ నవ్వుతో కుర్చీ చిరగదని ముందే తెలిసి, హన్నా ఆ పూట డబ్బాలోని ఉప్మాలో ఉప్పు వేయలేదు.