నవ్వకూడని ఆదివారం

ఆ ఆదివారం పొద్దున మునియ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. బండి కట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాలి, పెళ్ళాన్నీ పసిబిడ్డనీ ఎక్కించుకోవాలి, ఎవరి కంటా పడకుండా తెచ్చి గదిలో పడుకోబెట్టాలి. టాబియా ఊరి పక్కన ఆ చెరుకు ఎస్టేటులో, ఒప్పందం మీద ఓడెక్కి వచ్చిన గిర్మిట్ కూలీలుండే వరస గదుల లైన్ల సంగతి తెలిసినవాడెవడూ ఇలాంటి ఆశ పెట్టుకోడు. మునియ్య పెట్టుకున్నాడు.

అతని భార్య ద్రౌపదిది మామూలు కాన్పు కాదు. బిడ్డ అడ్డం తిరిగి ఎంతకీ రాకపోతే, డాక్టరు దొర మత్తుమందిచ్చి, పొట్ట కోసి తీశాడు. తల్లీ బిడ్డా దక్కారు గానీ, మూడు వారాలు ఆసుపత్రిలోనే ఉంచుకున్నారు. అలా కోయించుకుని బతికొచ్చిన మనిషిని లైన్లలో ఎవరూ చూసి ఎరగరు. మునియ్య తలలో మాత్రం కాంపౌండరు చెప్పిన మాటలే గిరగిరా తిరుగుతున్నాయి. "పైన మానింది కానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. మూడు నెలల దాకా బరువెత్తకూడదు, పార పట్టకూడదు. దగ్గినా, నవ్వినా కుట్ల దగ్గర లాగుతుంది, జాగ్రత్త."

బరువంటే తనే ఎత్తుతాడు. దగ్గుకు మిరియాల కషాయం ఉంది. పార సంగతే గుండెల్లో రాయిలా ఉంది. వచ్చిన వారానికల్లా కలుపు తీతకు పంపాలని, కూలీలకు పని పురమాయించే సర్దారు లచ్మన్ అప్పుడే హుకుం వేశాడు. వీటన్నిటికంటే ముందు నవ్వు ఉంది. ద్రౌపది పిల్లి తుమ్మినా నవ్వే మనిషి. పైగా పక్క గది వీరస్వామిది. ఆ గదుల మధ్య గోడలు కప్పు దాకా ఉండవు. వీరస్వామి ఇవతల నోరు విప్పితే అవతల ముగ్గురు పొట్టలు పట్టుకోవాల్సిందే.

అందుకని బండెక్కేముందు మంగమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఒకే ఓడలో వచ్చినవాళ్ళు కాబట్టి ఆమె అతనికి పిన్ని, ద్రౌపదికి అమ్మ.

"పిన్నీ, దాన్ని ఎవరూ నవ్వించకూడదు. ఆ వీరస్వామికి ఒక్కడికి చెప్పు. ఇంకెవరికీ చెప్పమాక."

"నవ్వితే ఏమవుద్దిరా?"

"లాగుద్దంట."

"లాగితే?"

మునియ్యకు అంతవరకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక, "ఊడుద్ది" అన్నాడు.

మంగమ్మ మాట తప్పే మనిషి కాదు. వీరస్వామికే చెప్పింది. కాకపోతే అతని గది దాకా వెళ్ళే దారిలో పది గుమ్మాలున్నాయి, ప్రతి గుమ్మంలోనూ "ఎక్కడికమ్మా ఇంత పొద్దున్నే?" అని అడిగేవాళ్ళున్నారు. మొదటి గుమ్మంలో కుట్లు ఊడతాయన్న మాట చివరి గుమ్మం చేరేసరికి, ఒక్క నవ్వు నవ్విందంటే పొట్ట గోనెసంచిలా విడిపోయి తిన్న అన్నం కూడా బయట పడుతుందని స్థిరపడింది. ఆదివారం మధ్యాహ్నం జరగాల్సిన భజన మానేశారు. వీరస్వామి తన డోలకిని మంచం కిందికి తోసి, నోటికి తువ్వాలు కట్టుకుని అరుగుమీద కూర్చున్నాడు.

బండి వచ్చేసరికి లైను లైనంతా బయట నిలబడి ఉంది. ఒక్కరి మొహంలోనూ కళ లేదు. ద్రౌపది దిండు పొట్టకు అదుముకుని మెల్లగా దిగింది. "ఏం పెద్దమ్మా, బావున్నావా?" అని ఒకామెను పలకరిస్తే ఆమె కళ్ళు దించుకుంది.

గదిలోకి చేరాక ఆడవాళ్ళు ఆగలేకపోయారు. మొహాలు గంటు పెట్టుకునే చుట్టూ మూగారు.

"కోసేటప్పుడు తెలిసిందా అమ్మీ?"

"ఏదో వాసన చూపించారు. నిద్రపోయాను. లేచేసరికి పాప ఏడుస్తా ఉంది."

"మరి నొప్పులు పడకుండా కన్నట్టేగా?"

"ముందు ఆ నొప్పులన్నీ ఎవరు పడ్డారనుకున్నావు? ఆ తర్వాత కోసిన నొప్పి. రెండూ నాకే."

"ఇంకో బిడ్డొస్తే మళ్ళీ అక్కడే విప్పుతారా?"

"ఏమో, డాక్టరు దొర ఈసారి వస్తే చూద్దామన్నాడు."

మగవాళ్ళను బయటికి తరిమి, అందరూ మచ్చ చూశారు. బొడ్డు కింద నిలువుగా, దుప్పటి అంచు కుట్టినట్టు ఎర్రటి గీత. అంత సన్న దారిలోంచి బిడ్డ ఎలా వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. మంగమ్మ దాన్ని వేలితో తాకబోయి, తాకలేక, "ఎంత కష్టపడ్డావే తల్లీ" అని బావురుమంది. నవ్వకూడదన్నారు గానీ ఏడవకూడదని ఎవరూ అనలేదు కదా. తక్కినవాళ్ళూ అందుకున్నారు.

ద్రౌపదికి భయమేసింది. "ఏమయ్యా, నా దగ్గర ఏమైనా దాస్తున్నారా? పాపకేమైనా అయిందా?" అని గుమ్మంలో నిలబడ్డ మొగుణ్ణి అడిగింది. మునియ్య వీలైనంత దిగులుగా మొహం పెట్టి "ఏం లేదు" అన్నాడు. దాంతో ఆమె బిడ్డను మరింత గట్టిగా పొదువుకుంది.

సరిగ్గా ఆ వేళకు సర్దారు లచ్మన్ అటుగా వచ్చాడు. డోలకి చప్పుడు లేదు, లోపలేమో ఆడవాళ్ళ ఏడుపు. అన్నిటికంటే విచిత్రంగా వీరస్వామి నోరు మూసుకుని కూర్చున్నాడు.

"కా భయా, వీరస్వామీ? ఏమైంది?"

వీరస్వామి గొంతు వింటేనే ద్రౌపదికి నవ్వొస్తుంది. మాట ఇచ్చాడు కదా, పెదవి కదపలేదు. మునియ్య గది వైపు చెయ్యి చూపించి, తల అడ్డంగా ఊపి, కళ్ళొత్తుకున్నాడు.

లచ్మన్ తలపాగా తీసేశాడు. కడుపు కోస్తే బతుకుతుందా అని మొదట్నుంచీ అంటున్నవాడు అతనే. పరుగున, ఎస్టేటు పైపెత్తనం చూసే కులంబరు దొర బంగళాకు వెళ్ళి, ద్రౌపది పోయిందని చెప్పాడు. భోజనానికి కూర్చోబోతున్న దొర, పేరు కొట్టేయమని, వడ్రంగి చేత శవానికి పెట్టె చేయించమని చెప్పి తలుపు వేసుకున్నాడు.

పొద్దు వాలుతుండగా నలుగురు మనుషులు కొత్త చెక్క పెట్టె మోసుకొచ్చి లైను ముందు దించారు. వెనకే లచ్మన్ గుండెలు బాదుకుంటూ వచ్చాడు.

"అయ్యో ద్రౌపదీ! నీలాంటి పనిమంతురాలు ఈ ఎస్టేటులో పుట్టలేదు! ఒక్కనాడు సాలు వెనకబడి ఎరగవు! ఒక్కనాడు నిన్ను పల్లెత్తు మాట అన్నానా?"

అంతకుముందు నెలల్లో ఆమెను సోమరిపోతని తిట్టని రోజు లేదు. లోపల ద్రౌపది ఇదంతా శ్రద్ధగా వింది. దిండు పట్టుకుని, గోడ ఆనుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరు పోయారు సర్దార్జీ?"

లచ్మన్ తల తిప్పి చూశాడు. "భూత్!" అని అరిచి వెనక్కి అడుగేశాడు. వెనక పెట్టె ఉంది. మూత తీసే ఉంది. అందులో కాళ్ళు పైకెత్తి కూలబడ్డాడు. వీరస్వామి పొద్దుటి నుంచి బిగపట్టుకున్నదంతా తువ్వాలు చించుకుని బయటపడింది. "అయ్యో, కొలత సరిపోలేదే! కాళ్ళు మడవండర్రా!"

ద్రౌపది నవ్వింది.

"నవ్వకే!" అని మంగమ్మ కేకేసింది. "ఒద్దమ్మీ!" అని లైనంతా గోలపెట్టింది. మునియ్య ఒక్క గెంతులో వచ్చి, ఊడిపోయేదేదో చేతుల్లో పట్టుకుందామని ఆమె ముందు మోకాళ్ళ మీద పడ్డాడు. ఆమె దిండును రెండు చేతులా పొట్టకు అదుముకుని, కళ్ళనీళ్ళు కారేలా నవ్వుతూనే ఉంది. "అబ్బా... నొప్పి... ఆ పెట్టెలోంచి అతన్ని లేపమాకండి, ఇంకాసేపు..."

మంగమ్మ ఆమెను లోపలికి లాక్కెళ్ళి చూసింది. ఎర్రటి గీత ఎక్కడిదక్కడే ఉంది.

"నొప్పెడుతుందన్నారు గానీ ఊడుతుందని ఎవరన్నారు?" అంది ద్రౌపది. "నవ్వొచ్చినప్పుడు ఇలా అదుముకోమనేగా నర్సమ్మ ఈ దిండు ఇచ్చింది! పొద్దుటి నుంచి నన్ను ఒక్కరన్నా అడిగారా?"

మునియ్య గోడకు మొహం తిప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ మూడు వారాల భయమూ అప్పుడు కరిగింది.

లచ్మన్‌కు మాత్రం అప్పుడే భయం మొదలైంది. బతికున్న మనిషిని చనిపోయిందని చెప్పానని దొర ముందు ఒప్పుకుంటే, చేతిలో కర్ర పోయి పార వస్తుంది. అందుకని ఒప్పుకోలేదు. మర్నాటి నుంచి పొద్దున పేర్లు పిలిచేటప్పుడు ద్రౌపది పేరు లేదు. పేరు లేని మనిషిని కలుపు తీతకు రమ్మనడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆమె తిన్నది, పడుకున్నది, లైను వెంట మెల్లగా నడిచింది, వీరస్వామి మాటలకు దిండు అదుముకుని నవ్వింది. పోను పోను దిండు అక్కర్లేకుండానే నవ్వింది.

మూడు నెలలు గడిచాక ఒక సోమవారం పొద్దున ద్రౌపది వచ్చి వరసలో నిలబడింది. కులంబరు దొర గుర్రం ఆపి చూశాడు. లచ్మన్ ముందుకొచ్చి, చనిపోయినామెకు బదులు మనిషిని తెచ్చానన్నాడు.

దొర ఆమెను ఎగాదిగా చూసి, పోయినదానికంటే ఈమె గట్టిగా ఉందని మెచ్చుకున్నాడు.