ప్రముఖ స్నెల్‌థార్ప్‌ల జాబితా

ఇంటిపేరు అన్నాక దానికో పుట్టుక, కొందరు ప్రముఖులు ఉండితీరాలి. అవి లేనిది ఇంటిపేరే కాదు, ఉత్త పిలుపు. ఈ సత్యం గ్రహించి, ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో స్నెల్‌థార్ప్ అన్న ఇంటిపేరున్న నలభైమంది ఒక సంఘం పెట్టుకున్నారు. పుట్టుక సంగతి 1987లోనే చేతులెత్తించి తేల్చేశారు. ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందన్న పోటీలో ఏడు ఓట్లతో సముద్రపు దొంగలు గెలిచారు, ఐదు ఓట్లతో బురదనేల ఓడిపోయింది. (ఆ ఐదుగురూ ఇప్పటికీ వేరే బల్ల దగ్గర టీ తాగుతారు.)

మిగిలింది ప్రముఖుల జాబితా. పోయిన చలికాలంలో కన్నుమూసిన భర్త సిరిల్ పేరు అందులో చూసుకోవాలని డెబ్భై నాలుగేళ్ల ఐవీ ఆశ. సిరిల్ ముప్ఫై ఒక్క ఏళ్లు బడి ముందు నిలబడి పిల్లలను రోడ్డు దాటించాడు. ఒక్కరికీ మోకాలు కూడా గీసుకుపోలేదు. అదే కొంప ముంచింది.

నాలుగో నిబంధన ప్రకారం ప్రముఖుడి గురించి పత్రికలో వార్త రావాలి. జాబితాలోని ఏడుగురి గురించీ వచ్చింది. ఒకాయన గొర్రెలు దొంగిలించి ఉరికంబమెక్కాడు. ఒకాయన సొంత పడవ ప్రారంభోత్సవంలోనే మునిగిపోయాడు. ఇంకొకాయన మేయరు గుర్రాన్ని కరిచాడు. (గుర్రం కోలుకుంది.)

వార్షిక సమావేశంలో అధ్యక్షుడు నెవిల్ ఎంతో మర్యాదగా విచారం ప్రకటించాడు.

"ఆయన మంచితనం మీద మాకు ఏ అనుమానమూ లేదు ఐవీ గారూ. కాకపోతే ఏదో ఒకటి జరిగుంటే బాగుండేది. చిన్న ప్రమాదమైనా సరిపోయేది."

"ఏమీ జరక్కుండా చూడ్డమే కదా నాయనా ఆయన పని" అంది ఐవీ.

నెవిల్ ఆ మాటను సమావేశాల పుస్తకంలో రాయించి, తర్వాతి అంశమైన కేకుల పోటీకి వెళ్లిపోయాడు. ఐవీకి ఒళ్లు మండిపోయింది. సిరిల్ తడిసిన వానలన్నీ గుర్తొచ్చాయి. అయినా కేకు ముక్క కోసం అందరితోపాటు వరుసలోనే నిలబడింది. తన వంతు వచ్చాక మొదటి బహుమతి కేకును పళ్లెంతో సహా ఎత్తి, ముక్కలు పంచుతున్న అధ్యక్షుడి నెత్తిన బోర్లించింది. వరుసలో ఆమె వెనకున్నవాళ్లు, ఆలస్యమైనందుకు ఒకరికొకరు క్షమాపణలు చెప్పుకున్నారు.

గురువారం స్థానిక పత్రికలో ఫొటోతో వార్త పడింది. నిబంధన నిబంధనే. సంఘం అత్యవసరంగా సమావేశమై, ఐవీని ఎనిమిదో ప్రముఖురాలిగా ఏకగ్రీవంగా చేర్చుకుంది. 'ఇతర వివరాలు' అన్న గడిలో సిరిల్ పేరూ ఎక్కింది: భర్త సిరిల్, చెప్పుకోదగ్గదేమీ లేదు.