మక్కీకి మక్కీ ధ్రువీకరణ

మానవజాతి పుట్టి బుద్ధెరిగాక నిజం ఇంత బట్టబయలుగా ఎన్నడూ లేదు. డిజిటల్ నాణేల్లో ఎవరు ఎవరికి ఎంత పంపినా, ఏ నిమిషాన పంపినా, ప్రపంచంలో ఏ మూలనున్నవాడైనా కుర్చీలోంచి లేవకుండా చూసుకోవచ్చు. అందుకోసం బ్లాక్‌చైన్ ఎక్స్‌ప్లోరర్ అనే వెబ్‌సైటు ఒకటుంది. లావాదేవీ నంబరు కొడితే చాలు, దాని జాతకమంతా తెర మీదికొస్తుంది. ఈ సంగతి తెలియగానే దుకాణగదుల శాఖవారు ఉబ్బితబ్బిబ్బై, ఇకమీదట గదుల లైసెన్సు రుసుము డిజిటల్ నాణేల్లోనే కట్టాలనీ, కట్టినట్టు రుజువు మాత్రం కాగితం మీదే తేవాలనీ ఉత్తర్వు తీశారు.

(అందరికీ కనిపించేది ఎవరి పూచీ కాదు, కాగితమైతే తెచ్చినవాడి పూచీ. ఇది పదిహేడో నిబంధన. పదహారో నిబంధన ఏమిటో తెలుసుకోవాలంటే పదిహేడో నిబంధన ప్రకారం దరఖాస్తు పెట్టుకోవాలి.)

ఆ శాఖ గదుల్లో ఒకటి మెట్లకింద ఉంది. అందులో ముప్పై ఒక్కేళ్ళుగా ఒకాయన పుస్తకాలు బైండు చేస్తున్నాడు. అసలు పేరు ఇంట్లోవాళ్ళు కూడా మర్చిపోయేంతగా ఊరంతా ఆయన్ని బైండరుగారనే పిలుస్తుంది. జిగురు డబ్బా, క్యాలికో గుడ్డ, ఇనప ప్రెస్సు, ఓ మూల ఆయన కూర్చునే చెక్కస్టూలు. నిలబడితే తలకి మెట్టు తగులుతుంది కనక కూర్చునే బతకడం అలవాటైంది. శుక్రవారం నాలుగింటిలోగా లైసెన్సు ఫైలు తేలకపోతే ఆ గది జాబితాలో తర్వాతివాడికి పోతుంది. తర్వాతివాడు సెల్‌ఫోను కవర్లమ్మే అతను. మర్యాదస్తుడు. రోజూ వచ్చి టేపుతో గోడలు కొలుచుకుంటూ, "మీ పని మీరు చూసుకోండి బాబాయ్, నాకేం తొందరలేదు" అంటుంటాడు. ఆ తొందరలేనితనం చూసినప్పుడల్లా బైండరుగారు శుక్రవారానికి ఇంకా ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకునేవాడు.

సోమవారం పదకొండింటికి వీధి చివరి జిరాక్స్ ఆవిడ తన కంప్యూటరు మీద రుసుము కట్టిపెట్టింది. మర్నాడు పొద్దున ఎక్స్‌ప్లోరర్ తెరిచి చూపించింది.

"ఇదిగో అన్నయ్యా, మీ డబ్బు వాళ్ళకి చేరిపోయింది. ధ్రువీకరణలు నూట ముప్పై ఎనిమిది."

"నూట ముప్పై ఎనిమిదా? నేను కట్టింది ఒక్కసారేగా!"

"కట్టింది ఒక్కసారే. పది నిమిషాలకో కొత్త బ్లాకు, అంటే కొత్త లావాదేవీల కట్ట, వచ్చి దాని వెనక చేరుతుంది. చేరిన ప్రతి బ్లాకూ, అవును, ఈయన కట్టాడు అని ఒక సాక్ష్యం చెప్పినట్టు. ఎంత పెరిగితే అంత గట్టి."

తన తరఫున నూట ముప్పై ఎనిమిది మంది సాక్ష్యం చెప్పారని బైండరుగారి ఛాతీ కాస్త పొంగింది. (పెళ్ళినాడు కూడా ఆయన తరఫున అంతమంది రాలేదు.) ఆ పేజీ ప్రింటు తీయించుకుని శాఖ కార్యాలయానికి వెళ్ళి, నలభై నిమిషాలు వరసలో నిలబడి, తేరిపార చూచు అధికారి బల్ల ముందుకి చేరాడు.

ఎక్స్‌ప్లోరర్ చూడటానికి శాఖలో అధికారం ఉన్నవాడు ఆయనొక్కడే. పారదర్శకతలోని గోప్యత కాపాడటం కోసం ఆయన కంప్యూటరు తెరని గోడవైపు తిప్పి పెట్టారు. అధికారి తెర చూశాడు, కాగితం చూశాడు, మళ్ళీ తెర చూశాడు.

"పెద్దాయనా, కాగితంలో నూట ముప్పై ఎనిమిది ఉంది. ఇక్కడ నూట నలభై రెండుంది."

"వరసలో ఉండగా పెరిగాయి సార్. పెరిగితే మంచిదేనట."

"మంచీచెడూ మా విభాగం కాదు. నకలు అసలుకి మక్కీకి మక్కీ ఉండాలి. నాలుగు తేడా వచ్చింది. సరైన ప్రింటు తీసుకురండి."

"డబ్బు మీకు ముట్టినట్టు తెరమీద కనిపిస్తోంది కదా సార్?"

"నాకు కనిపిస్తోందండీ," అన్నాడు అధికారి నొచ్చుకుంటూ. "నాకు కనిపించడం లేదని నేనన్నానా?"

బైండరుగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. డబ్బు కట్టలేదంటే కట్టొచ్చు. కట్టారు, కనిపిస్తోంది, కానీ కుదరదు అంటే ఏం చేస్తాం చెప్పండి! ఎక్కువ కట్టినా, తక్కువ కట్టినా శాఖవారు సర్దుకునేవాళ్ళేమో గానీ, ఎక్కువ రుజువయ్యాడు పాపం, అదీ ఆయన చేసిన నేరం.

బుధవారం ఆయన ఓ లెక్క వేశాడు. బ్లాకు పది నిమిషాలకొకటి. జిరాక్స్ కొట్టు నుంచి కార్యాలయానికి నడిస్తే పన్నెండు నిమిషాలు, పరిగెత్తితే ఏడు. వరసలో తనకి బదులు నిలబడటానికి భార్యని పంపించాడు. ఆవిడ బల్ల దాకా చేరి ఫోను చేయగానే జిరాక్స్ ఆవిడ ప్రింటు కొట్టింది, కాగితం ఇంకా వెచ్చగా ఉండగానే ఈయన పరుగు లంకించుకున్నాడు. అరవయ్యేళ్ళ మనిషి, కుడి మోకాలు మొరాయించే మనిషి, కాగితం నలగకుండా రెండు చేతులా పట్టుకుని నడివీధిలో పరిగెడుతుంటే ఎవరికో ప్రాణం మీదికొచ్చిందనుకుని స్కూటర్లవాళ్ళు దారిచ్చారు. ఏడు నిమిషాల్లో బల్ల ముందున్నాడు. కాగితంలో రెండువందల ఎనభై ఆరు.

"రెండువందల ఎనభై ఎనిమిది," అన్నాడు అధికారి తెర చూస్తూ.

బ్లాకు పది నిమిషాలకి రావాలన్నది సగటు లెక్కేనట. బుద్ధిపుడితే నిమిషంలో రెండొస్తాయి, లేకపోతే గంటసేపు ఒక్కటీ రాదు. ఈ సంగతి జిరాక్స్ ఆవిడ తర్వాత చెప్పింది. అప్పటికి బైండరుగారికి అరికాలిమంట నెత్తికెక్కి ఉంది.

"సార్, ఈ అంకె ఎప్పటికైనా ఆగుతుందా?"

"ఆగదండీ. శాశ్వతంగా పెరుగుతూనే ఉంటుంది. దానిమీద మా శాఖకెంత నమ్మకమో చూడండి!"

గురువారం ఆయన దుకాణం తెరిచి, స్టూలు మీద కూలబడి, ప్రెస్సు వైపు చూస్తూ ఉండిపోయాడు. కవర్లతను వచ్చి ప్రెస్సు బరువెంతుంటుందో, బయట పడేయాలంటే ఎంతమంది కావాలో అడిగి వెళ్ళాడు. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన భార్య మొగుడి మొహం చూసింది.

"ఏవండీ, ఇంతకీ పేజీలో మారేది ఏమిటి?"

"ఆ ఒక్క అంకె. మిగతాదంతా అలాగే ఉంటుంది."

"ఒక్కటొక్కటిగానే పెరుగుతుందా? మధ్యలో దాటెయ్యడం లాంటిదేం లేదుగా?"

"లేదే తల్లీ. వేగంగా రావచ్చు గానీ వరస తప్పదు."

"మరి దానికెందుకండీ ఇంత హైరానా?" అని ఆవిడ బల్లకింది నుంచి నంబరింగ్ మిషను లాగి ఆయన ముందు పెట్టింది. రసీదు పుస్తకాలకి వరసనంబర్లు వేసే చేతిమిషను అది. ఒక్కో నొక్కుకీ ఒక్కో అంకె అదే పెరుగుతుంది. "ముప్పై ఒక్కేళ్ళ నుంచి మీరు చేస్తున్నదేమిటి?"

బైండరుగారు నోరెళ్ళబెట్టాడు. ఇన్ని రోజులూ అంకె వెనకాల పరిగెత్తాడే గానీ, దానికంటే ముందే వెళ్ళి కూర్చోవచ్చని తట్టనే లేదు! జిరాక్స్ ఆవిడ అంకె ఉండే చోటు ఖాళీ వదిలి ఆ పేజీని ఐదువందల ప్రింట్లు తీసిచ్చింది. ఆయన టక్కు, టక్కుమని ఐదువందల యాభై నుంచి వెయ్యి నలభై తొమ్మిది దాకా కొట్టుకుంటూ పోయాడు, భార్య వరస తప్పకుండా పేర్చింది. ఇద్దరూ కలిసి కుట్టి, జిగురు పట్టించి, ఎర్ర క్యాలికో వేసి, ప్రెస్సులో బిగించారు. పుస్తకం వీపు మీద బంగారు అక్షరాలు కూడా వేశాడు. అంత మంచి పుస్తకం ఆయన ఈమధ్య కాలంలో చేయలేదు.

శుక్రవారం మూడున్నరకి ఆ పుస్తకం అధికారి బల్ల మీద పెట్టాడు. తలుపు దగ్గర కవర్లతను టేపు చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"ఇదేమిటి?"

"నకలండీ. మీ తెరలో ఎంతుందో చెప్పండి."

"ఆరువందల ఏడు."

బైండరుగారు వేలు తడిచేసుకుని పేజీ తిప్పాడు. ఆరువందల ఏడు. అధికారి తెర చూశాడు, పేజీ చూశాడు, ముద్ర ఎత్తాడు. ఎత్తిన ముద్ర గాల్లోనే ఆగిపోయింది.

"ఆరువందల ఎనిమిదైందండీ."

బైండరుగారు ఇంకో పేజీ తిప్పాడు.

అధికారి కళ్ళు చెమర్చాయి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అసలుకి తగ్గట్టు నడుచుకునే నకలు ఆయన చూడ్డం ఇదే మొదటిసారి. (ఇంకా రాని ధ్రువీకరణల కాగితాలు ముందే ఎలా వచ్చాయన్న ప్రశ్న వేరే విభాగానిది.) ఠపీమని ముద్ర పడింది. గది దక్కింది! భార్య బయట వరండాలో నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది. కవర్లతను టేపు జేబులో పెట్టుకుని, "సంతోషం బాబాయ్" అన్నాడు.

లైసెన్సు కాగితం వెనకాల ఒక షరతు ఉంది. సదరు నకలు పుస్తకాన్ని దుకాణంలో అందరికీ కనిపించేలా, తాజా ధ్రువీకరణ పేజీ తెరిచి ఉంచవలెను. పనివేళల్లో తనిఖీ అధికారి ఎప్పుడైనా రావచ్చు. పేజీ తప్పితే లైసెన్సు రద్దు. (దుకాణం మూసిన వేళల్లో పేజీ తిప్పనక్కర్లేదని శాఖవారు దయతలచారు.)

ఇప్పుడు బైండరుగారు పొద్దున్నే వచ్చి, రాత్రి పెరిగిన తొంభై పేజీలు ఒక్కసారే తిప్పి, ఫోనులో ఎక్స్‌ప్లోరర్ తెరుచుకుని పుస్తకం ముందు కూర్చుంటున్నాడు. ఆయన భోజనానికి లేస్తే ఆ స్టూలు మీద భార్య కూర్చుంటుంది. ఇద్దరూ ఒకేసారి తుమ్మకూడదని ఒప్పందం. నిన్న ఒక టీచరమ్మ అట్టలూడిన నిఘంటువు తీసుకొస్తే, తెర మీంచి చూపు తిప్పకుండానే, "అక్కడ పెట్టి వెళ్ళండమ్మా, తీరికైనప్పుడు చేస్తాను" అన్నాడు. ప్రెస్సు మీద దుమ్ము చేరింది.

సోమవారం సాయంత్రానికి వెయ్యి నలభై తొమ్మిది అయిపోతుంది. ఈలోగా రెండో సంపుటం సిద్ధం కావాలి. దానికోసం చుట్టుపక్కల ఎవరైనా మంచి బైండరు ఉన్నాడేమోనని ఆయన అందరినీ వాకబు చేస్తున్నాడు.